ఏడవనివ్వండి, అడగనివ్వండి

అయిదేళ్ళ పిల్లవాడు. నెల రోజులుగా కడుపునొప్పి అంటున్నాడు. తల్లి ముందు వాముకషాయం తాగించింది. తర్వాత నులిపురుగులేమోనని మాత్రలు వేసింది. డాక్టరుకు చూపిస్తే మలం, మూత్రం, రక్తం పరీక్ష చేయించి, కడుపు స్కానింగ్ తీయించి, ఏ లోపమూ లేదన్నారు. అయినా నొప్పి మానలేదు. రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. బడికి పొమ్మంటే తల్లి కొంగు వదలడు.

అసలు సంగతి నెల క్రితం జరిగింది. వాణ్ణి చేతులమీద పెంచిన జేజి కాలం చేసింది. ఆ రోజు పిల్లవాణ్ణి పక్కింటికి పంపేశారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి జేజి లేదు, జేజి మంచమూ లేదు. "జేజి ఎప్పుడొస్తాది?" అని అడిగాడు. "ఊరికి పోయింది నాయనా, వస్తాది" అన్నారు పెద్దవాళ్ళు. ఇప్పుడు తల్లి సంతకు బయలుదేరినా వాడికి కడుపులో నొప్పి మొదలవుతున్నది. ఊరికి పోయినవాళ్ళు తిరిగి రారని వాడొక పాఠం నేర్చుకున్నాడు. ఆ పాఠం నేర్పింది మనమే.

ఇలాంటి పిల్లలు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. పిల్లలే కాదు, చావును తమదాకా రానివ్వకుండా పక్కకు నెట్టబడిన పెద్దవాళ్ళూ వున్నారు. వాళ్ళే తర్వాత గుండెదడ అని, నిద్రలేమి అని, తలనొప్పి అని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతారు. దుఃఖం రోగం కాదు. దానికి దారి లేకుండా చేస్తే మాత్రం రోగాలు తెచ్చిపెడుతుంది. ఏ వయసువారి దుఃఖానికి ఏ దారి కావాలో ఈవారం చూద్దాం.

సిద్ధయ్య దుఃఖం

మన సీమలో అందరికీ తెలిసిన కథ ఒకటి వుంది. పోతులూరి వీరబ్రహ్మంగారు కడప జిల్లా కందిమల్లాయపల్లెలో, ఇప్పుడు మనం బ్రహ్మంగారిమఠం అంటున్న ఊళ్ళో, 1693లో వైశాఖ శుద్ధ దశమినాడు జీవసమాధి పొందారని సంప్రదాయం. ఆ వేళకు ప్రియశిష్యుడు సిద్ధయ్య అక్కడ లేడు. దూదేకుల కుటుంబంలో పుట్టిన ఆ శిష్యుణ్ణి గురువుగారే పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారట. పూలతో తిరిగి వచ్చేసరికి సమాధి మూసివుంది. సిద్ధయ్య నేలమీద పడి విలపించాడు. ఆ ఏడుపు విని బ్రహ్మంగారు సమాధిలోనుంచి పలికి, అతన్ని ఓదార్చి, తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చారని చెప్పుకుంటారు.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత నమ్మకం అన్నది ఈ శీర్షికకు సంబంధించిన విషయం కాదు. వైద్యుడి కంటికి ఈ కథలో మూడు సంగతులు కనబడతాయి. కడసారి చూపు దక్కనివాడి దుఃఖం మిగతావారి దుఃఖంకంటె పదునుగా వుంటుంది. ఆ దుఃఖాన్ని ఎవరూ కసరలేదు, అతను గొంతెత్తి ఏడ్చాడు. చివరికి అతని చేతికి దాచుకోవడానికి గురువుగారి వస్తువులు కొన్ని దక్కాయి. నిజం తెలియాలి, ఏడవనివ్వాలి, గుర్తు ఏదైనా మిగలాలి. చంటిపిల్లవాడికైనా, ఎనభయ్యేళ్ళ తాతకైనా కావలసినవి ఈ మూడే.

పసిపిల్లలు

చావంటే ఏమిటో పిల్లలకు ఒక్కరోజులో అర్థం కాదు. మరియా నాజ్ అనే హంగేరీ పరిశోధకురాలు బుడాపెస్టులో 3 నుంచి 10 ఏళ్ళ వయసున్న 378 మంది పిల్లలను పరిశీలించి 1948లో ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్ళలోపు పిల్లలకు చావు ఒక నిద్రవంటిది, లేక ప్రయాణం వంటిది. పోయినవాళ్ళు మళ్ళీ రావచ్చుననే అనుకుంటారు. తొమ్మిదేళ్ళు దాటాక, చావు అందరికీ వస్తుందనీ, వస్తే తిరిగి పోదనీ గ్రహిస్తారు. చాలామంది పిల్లలు 5–7 ఏళ్ళ మధ్యనే ఇది చాలావరకు తెలుసుకుంటారని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

కాబట్టి "ఊరికి పోయింది", "నిద్రపోతున్నది", "దేవుడు తీసుకుపోయినాడు" అన్న మాటలు పసివాళ్ళకు ఓదార్పు కావు. నిద్రపోతే చస్తారేమోనని కొందరు నిద్రకు భయపడతారు. అమ్మనుకూడా దేవుడు తీసుకుపోతాడేమోనని దేవుడి పటం చూస్తేనే జడుసుకుంటారు. ఇట్లా చెప్పండి: "జేజి చచ్చిపోయింది నాయనా. ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోయింది. ఇంక ఊపిరి తీసుకోదు, అన్నం తినదు, నొప్పికూడా వుండదు. తిరిగి రాదు. నేను నీ దగ్గరే వుంటాను." మాట కటువుగా తోచవచ్చు. కాని అబద్ధం కంటె ఇది పిల్లవాడికి ఎంతో తేలిక. వాడు రేపు మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాడు, ఎల్లుండి మళ్ళీ అడుగుతాడు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పండి.

ఆరేడేళ్ళ పిల్లలకు ఇంకో భయం వుంటుంది. తాను అల్లరి చేసినందువల్లే నాయన చనిపోయాడని లోలోపల అనుకుంటారు. అడగకపోయినా మీరే చెప్పండి, నీ తప్పు ఏమీ లేదని. "తల్లిని మింగిన బిడ్డ", "పుట్టిన నక్షత్రం మంచిది కాదు" వంటి మాటలు పిల్లల చెవిన పడితే జన్మంతా వదలవు. ఆ మాట అనేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, అక్కడికక్కడే ఆపించండి.

శవం దగ్గరికి పిల్లలను రానివ్వవచ్చునా అని చాలామంది అడుగుతారు. ఏం చూడబోతున్నాడో ముందుగా చెప్పి, నమ్మకమైన మనిషి చెయ్యి పట్టుకుని వుంటే రానివ్వవచ్చు. రానంటే బలవంతం చెయ్యకండి. ఒక పువ్వు వెయ్యమనండి. చిన్న పని వున్న పిల్లవాడు తనను పక్కకు నెట్టారని అనుకోడు.

పదిహేనేళ్ళు దాటినవాళ్ళు

ఈ వయసువాళ్ళు ఏడవరు. తలుపు వేసుకుంటారు. సెల్లు చూస్తూ కూర్చుంటారు. పెద్దవాళ్ళు "వీడికి రాయిగుండె" అంటారు. అది రాయిగుండె కాదు. తండ్రి పోయిన మర్నాటినుంచే "ఇంటికి మగదిక్కు నువ్వే" అని పదహారేళ్ళ కుర్రవాడి నెత్తిన మోపు పెడితే, వాడికి ఏడ్చే హక్కు కూడా మనమే తీసేసినట్టు. కొరివి పెట్టిన చేతికి పదో తరగతి పరీక్షలుకూడా వున్నాయని గుర్తుంచుకోండి. ఆడపిల్లయితే చదువు మాన్పించి వంటింట్లోకి పంపుతారు. ఆమెకు ఒక మనిషితోపాటు చదువుకూడా పోతుంది. కనీసం ఏడాదిపాటు పిల్లల బడి, ఇల్లు, స్నేహితులు మారకుండా చూడగలిగితే అదే సగం వైద్యం. ఒక్కసారిగా మార్కులు పడిపోవడం, తాగుడు, బండి విపరీతమైన వేగంతో నడపడం, "నేనుకూడా పోతే బాగుండు" అనడం కనిపిస్తే, అది వయసు తిక్క అని వదిలెయ్యకండి.

నడివయసు

నడివయసులో దుఃఖానికి తీరిక వుండదు. శవం లేచేదాకా వచ్చినవాళ్ళకు నీళ్ళు, కుర్చీలు. తర్వాత దినాల ఖర్చు, మరణ ధ్రువపత్రం, బ్యాంకు, పాసుపుస్తకం. అన్నీ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక సాయంత్రం కూరగాయల బజారులో, పోయినవాళ్ళకు ఇష్టమైన వంకాయలు చూడగానే దుఃఖం ముంచుకువస్తుంది. భయపడకండి. దుఃఖం మెట్లెక్కినట్టు సాగదు. ఎలిజబెత్ కూబ్లర్‌రాస్ అనే డాక్టరు 1969లో రాసిన పుస్తకంలోని అయిదు దశల గురించి మీరు వినే వుంటారు. ఆమె వాటిని మొదట చెప్పింది మరణం ఎదురుగా వున్న రోగులను చూసి. బతికివున్నవాళ్ళు ఆ దశలన్నీ వరసగా దాటాలన్న నియమం ఏమీ లేదు. నాలుగు రోజులు పనిలో పడడం, ఒకరోజు కూలబడడం, మళ్ళీ లేవడం — ఇదే దుఃఖం సహజంగా నడిచే తీరు.

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుంచి ఎందరో కువైట్‌లో పనిచేస్తున్నారు. తల్లి పోయిందన్న కబురు అక్కడ వంటగదిలోనో, డ్రైవరు సీట్లోనో వింటారు. సెలవు దొరకదు, టిక్కెట్టుకు డబ్బు చాలదు. అంత్యక్రియలు సెల్లులో చూస్తారు. రెండేళ్ళకు ఊరికి వస్తే సమాధి కనబడుతుంది. పూలతో తిరిగి వచ్చిన సిద్ధయ్య పరిస్థితే వీళ్ళది. ఇంట్లోవాళ్ళకు అప్పటికి దుఃఖం కుదుటపడి వుంటుంది. వచ్చినవాడికి మాత్రం ఆ రోజే మొదలవుతుంది. "ఎప్పుడో అయిపోయింది కదా, ఇప్పుడేడిస్తే ఏం లాభం?" అనకండి. సమాధి దగ్గరికి తోడుగా పోండి. చివరి రోజుల్లో ఆమె ఏమి తిన్నది, ఏమి మాట్లాడింది, ఎవరిని తలుచుకున్నది, అన్నీ చెప్పండి. ఆమె చీర ఒకటి చేతికి ఇవ్వండి. 2020–21లో కరోనా రోజుల్లో మనవాళ్ళ ముఖం చూడకుండానే సాగనంపవలసి వచ్చిన కుటుంబాలకూ, 2021 నవంబరు 19న చెయ్యేరుమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి మనుషులను పోగొట్టుకున్న ఊళ్ళకూ ఇదే మాట వర్తిస్తుంది. ఆలస్యమైనా సరే, నలుగురితో కూర్చుని ఒక దీపం పెట్టి, పోయినవారిని తలుచుకోవడం వృథా కాదు.

అప్పులకు, కరువుకు తాళలేక ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళు మన రెండు జిల్లాల్లోనూ వున్నాయి. ఆ ఇంటికి పరామర్శకు పోయినప్పుడు "ముందే కనిపెట్టలేకపోయినావా?" అని భార్యను అడగకండి. ఆ ప్రశ్న ఆమె తనను తాను రోజుకు వందసార్లు వేసుకుంటూనే వుంటుంది.

వృద్ధాప్యం

నలభై యాభయ్యేళ్ళు కలిసి బతికిన జంటలో ఒకరు పోతే రెండోవారి ఒంటిని జాగ్రత్తగా కనిపెట్టి వుండాలి. ఇంగ్లండులో కోలిన్ ముర్రే పార్క్స్ బృందం, 55 ఏళ్ళు దాటి భార్యను పోగొట్టుకున్న 4,486 మంది పురుషుల వివరాలు పరిశీలించి 1969లో ప్రకటించింది. మొదటి ఆరు నెలల్లో వారిలో 213 మంది చనిపోయారు. అదే వయసులో భార్య వున్నవారితో పోల్చితే ఇది 40 శాతం ఎక్కువ. వేళకు మాత్ర ఇచ్చే మనిషి, "అన్నానికి లెయ్" అనే మనిషి లేకపోవడంకూడా ఇందుకు ఒక కారణమే. మామగారికి ఎవరు మాత్రలు ఇస్తారో, ఎవరు పక్కన కూర్చుని తినిపిస్తారో దినాల లోపలే ఇంట్లో నిర్ణయించుకోండి.

పోయిన భర్త గొంతు వినిపించిందనో, వాకిట్లో కనిపించాడనో అవ్వ చెబితే దయ్యం పట్టిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోకండి. డీవీ రీస్ అనే డాక్టరు వేల్స్ దేశంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి చూస్తే, సుమారు సగం మందికి ఇలాంటి అనుభవం వున్నదని 1971లో తెలిపారు. చాలామందికి అది ఓదార్పుగానే వుంటుంది. అది పిచ్చి కాదు.

వృద్ధులు తమ చావును గురించి మాట్లాడబోతే మనం నోరు నొక్కేస్తాం. "అట్లాంటి మాటలు మాట్లాడొద్దు నాయనా, నీకు నూరేళ్ళు" అంటాం. మన భయం తీరుతుంది కాని ఆయన మాట ఆయనలోనే మిగిలిపోతుంది. ఎక్కడ పూడ్చాలి, ఎవరికి ఏమివ్వాలి, ఎవరితో రాజీ పడాలి, ఆస్పత్రిలో గొట్టాల మధ్య పోవాలా, ఇంట్లో మనవళ్ళ మధ్య పోవాలా — చెప్పనివ్వండి. చాలామందికి చావుకంటె నొప్పి భయం, పక్కన ఎవరూ లేకపోతారేమోనన్న భయం ఎక్కువ. కాన్సరు వంటి వ్యాధుల్లో నొప్పిని అదుపుచేసే మందులు వున్నాయి. "ఇంక చేసేదేమీ లేదు" అన్న రోజునకూడా నొప్పి తగ్గించమని డాక్టరును అడిగే హక్కు మీకు వుంది.

మన ఆచారాలు: ఏది మందు, ఏది విషం?

చావు జరిగిన ఇంట్లో పొయ్యి రాజెయ్యరు. చుట్టాలు, ఇరుగుపొరుగువారు కూడు తెచ్చి, కూర్చోబెట్టి తినిపిస్తారు. రాత్రంతా భజన చేస్తారు, బ్రహ్మంగారి తత్వాలు పాడతారు. మూడోనాడు పాలు పోస్తారు, తర్వాత దివసాలు, మాసికాలు, సంవత్సరీకం. ముస్లిముల ఇళ్ళల్లో మూడోనాడు జియారత్, నలభయ్యోనాడు ఫాతెహా. క్రైస్తవుల ఇళ్ళల్లో జ్ఞాపకార్థ కూడిక, నవంబరు 2న సమాధుల పండుగ. వీటన్నిటిలో వున్న వైద్యం ఒక్కటే. ఆ మనిషిని ఒంటరిగా వదలరు, నెలకోసారి అయినా మళ్ళీ గడప తొక్కుతారు.

సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెడతాం. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశం చేసిన తిథికి ఏటా ఆరాధన జరుగుతుంది. కడప పెద్ద దర్గాలో ఉరుసుకు అన్ని మతాలవారూ పోతారు. ఉరుసు అంటే అరబ్బీలో పెళ్ళి, భక్తుడు దేవుణ్ణి కలుసుకున్న రోజన్నమాట. పోయినవారిని మరిచిపోతేనే మనసు కుదుటపడుతుందని పడమటి దేశాల మనోవైద్యులు చాలాకాలం అనుకున్నారు. 1990ల తర్వాత వాళ్ళూ మాట మార్చారు. పోయినవారితో బంధాన్ని మరో రూపంలో నిలుపుకోవడం ఆరోగ్యమేనని చెబుతున్నారు. పటానికి పూలు పెట్టడం, వారి పేరుతో అన్నం పెట్టడం, వారు నాటిన చెట్టుకు నీళ్ళు పోయడం అలాంటివే.

మరి విషం ఏది? మనిషిని ఒంటరిని చేసే ప్రతి ఆచారమూ విషమే. పదిమందిలో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, ఆ తర్వాత శుభకార్యాలకు పిలవకపోవడం ఏ శాంతినిస్తుంది? బ్రహ్మంగారు సమాధికి ముందు తన భార్య గోవిందమ్మను పసుపుకుంకుమలు తీయవద్దన్నారని ఆయన చరిత్ర చెప్పేవాళ్ళే అంటారు. ఆ మఠానికి మొక్కేవాళ్ళు ఈ మాటకూడా గుర్తుంచుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "ఏ జన్మలో పాపమో" అనడం, గర్భం పోయినామెతో "పోనీలే, మళ్ళీ కనవచ్చు" అనడం కూడా అలాంటివే. భక్తి ఏడుపుకు తోడుగా వుండాలి గాని నోటికి అడ్డం పెట్టే గుడ్డ కాగూడదు.

ఆ రోజున ఒంటి సంగతి

దుఃఖం గుండెను నిజంగానే తాకుతుంది. దగ్గరివారు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలుకంటె 21 రెట్లు వుంటుందని 2012లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చెప్పింది. తర్వాత రోజురోజుకూ అది తగ్గిపోతుంది. ఆరోగ్యవంతులు బెదిరిపోనవసరం లేదు. కాని గుండెజబ్బు, బి.పి., షుగర్ వున్నవాళ్ళ మాత్రలు ఆ రోజు మానకూడదు. శవం లేచేదాకా పస్తు వుండే ఆచారం షుగర్ రోగులకు పనికిరాదు. ఇన్సులిన్ వేసుకుని తినకుండా వుంటే స్పృహ తప్పుతుంది. కర్నూలు ఎండల్లో శ్మశానందాకా నడిచేవాళ్ళకు మజ్జిగో, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళో తాగించండి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే "దుఃఖంవల్లే" అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. నిద్ర పట్టడం లేదని పొరుగింటివారి నిద్రమాత్రలు మింగవద్దు. సారా దుఃఖాన్ని తగ్గించదు, మర్నాటికి వాయిదా వేస్తుంది.

డాక్టరు ఎప్పుడు?

చాలామందికి మందు అవసరం లేదు. నెలలు గడిచేకొద్దీ దుఃఖం పదును తగ్గుతుంది, పండగలకు, తిథులకు మళ్ళీ తిరగబెడుతుంది. అది సహజం. కాని ఆరునెలలు దాటినా రోజంతా అదే ధ్యాస, పని చెయ్యలేకపోవడం, మనుషుల్లోకి రాలేకపోవడం వుంటే దాన్ని చికిత్స కావలసిన స్థితిగా, 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక గుర్తించింది. మాటల ద్వారా చేసే చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. చావాలన్న ఆలోచన వస్తే ఆరు నెలలు కాదు, ఆరు గంటలుకూడా ఆగవద్దు. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంతకీ ఆ అయిదేళ్ళ పిల్లవాడి కడుపునొప్పికి ఏం చెయ్యాలి? మాత్రలు ఇంక వద్దు. తల్లి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిజం చెప్పాలి. వాడు ఏడిస్తే తానూ ఏడవవచ్చు. మర్నాడు జేజి సమాధి దగ్గరికి తీసుకుపోయి, వాడి చేత్తో పూలు పెట్టించాలి. జేజి కప్పుకున్న దుప్పటి ఇంకా ఇంట్లో వుంటే వాడి పక్కమీద వెయ్యాలి. బయటికి వెళ్ళేటప్పుడు ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు వచ్చేదీ చెప్పి, చెప్పిన వేళకు తిరిగి రావాలి. నాలుగు వారాలు ఇట్లా చేసి చూడండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే మళ్ళీ డాక్టరుకు చూపించండి. చాలామటుకు ఆ అవసరం రాదు.